గేటు దగ్గర పద్నాలుగేళ్ల పిల్ల

మా అక్క కూతురు ఈ ఏడాది పదో తరగతి. బళ్లు తెరిచిన మొదటి వారంలోనే వాళ్ల క్లాసు టీచరు అందరికీ తలో కాగితం ఇచ్చారు. పైన పేరు, సెక్షను, బ్లడ్ గ్రూపు. కింద మూడు ప్రశ్నలు. నీ విలువలేమిటి? నువ్వు ఏ విషయంలో ఎదగాలనుకుంటున్నావు? నాయకత్వం వహించే అవకాశం వస్తే ఏం చేస్తావు? ఒక్కో ప్రశ్న కింద నాలుగు గీతలు. సోమవారానికి రాసి పట్టుకెళ్లాలి.

ఆదివారం పొద్దున్న నేను సామర్లకోటలో వాళ్లింటికి వెళ్లేసరికి పిల్ల వీధరుగు మీద కూర్చుని పెన్ను మూత కొరుకుతోంది. మొదటి ప్రశ్న కింద ‘నిజాయితీ, క్రమశిక్షణ, కష్టపడే తత్వం’ అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. ఆ మూడు మాటల మీదా అడ్డంగా గీత కొట్టేసి ఉంది.

“ఎందుకే కొట్టేశావు? బాగానే ఉన్నాయిగా” అన్నాను.

“అందరూ అవే రాస్తారు పిన్నీ. వ్యాసాల పుస్తకంలో కూడా అవే ఉంటాయి” అంది. కాసేపాగి, “నాకు నిజంగా ఏ విలువలున్నాయో నాకెలా తెలుస్తుంది?” అని అడిగింది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ వయసులో నన్నెవరూ ఇలాంటి ప్రశ్న అడగలేదు. నాకు మటుకు జవాబు ఒక నల్లబల్ల మీద దొరికింది. అది మంచి జవాబు కాదు.

ఎనిమిదో తరగతిలో నేను క్లాసు లీడర్ని. టీచరు స్టాఫ్ రూముకు వెళ్తే బోర్డు మీద ఒక మూల గీత గీసి, మాట్లాడినవాళ్ల పేర్లు రాయడం నా పని. పేరు రాశాక మళ్లీ మాట్లాడితే పక్కన ఇంటూ మార్కు. ఎన్ని ఇంటూలుంటే అన్ని బెత్తం దెబ్బలు. ఆ రోజు నా ప్రాణ స్నేహితురాలు మొదటి నుంచీ మాట్లాడుతూనే ఉంది. నేను ఆమె పేరు రాయలేదు. వెనక బెంచీలో ఒక పిల్ల పక్కనున్న అమ్మాయిని రబ్బరు అడిగింది. రాశాను. రెండోసారి ఏదో అంది. ఇంటూ పెట్టాను. ఆ పిల్ల దెబ్బలు తిని అరచేతిని లంగాకి రుద్దుకుంటూ తన చోటుకు వెళ్తూ నా వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఇలాగే జరుగుతుందని ముందే తెలిసినట్టుంది. ముప్ఫై ఏళ్లు దాటింది. ఆ చూపు నన్ను వదల్లేదు. ఆ ఏడాది చివర ‘మంచి లీడరు’ అని నాకు ఒక డిక్షనరీ బహుమతిగా ఇచ్చారు.

అందుకే కాకినాడలో ఒక గేటు దగ్గర జరిగిన సంగతిని ఎప్పుడు తలచుకున్నా నాకు గుండె బరువెక్కుతుంది.

టికెట్టు

1923 డిసెంబరు. కాకినాడలో అఖిల భారత కాంగ్రెస్ మహాసభలు. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షుడు. దేశం నలుమూలల నుంచి నాయకులు దిగారు. మహాసభలతో పాటే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. దానికి టికెట్టు ఉంది. టికెట్టు లేనివాళ్లను వదలొద్దని చెప్పి గేటు దగ్గర నిలబెట్టిన వాలంటీరుకు పద్నాలుగేళ్లు. పేరు దుర్గ.

జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. చేతిలో టికెట్టు లేదు. పిల్ల ఆపేసింది. నిర్వాహకులు పరుగున వచ్చి, ఆయనెవరో తెలుసా అని గద్దించారు. తెలుసునంది. టికెట్టు లేకుండా ఎవరినీ పంపొద్దని తనకు చెప్పారు కాబట్టి ఆపానంది. టికెట్టు కొన్నాకే నెహ్రూ లోపలికి వెళ్లారు. ఆయనకు కోపం రాలేదు. అప్పజెప్పిన పనిని అంత ధైర్యంగా చేసినందుకు మెచ్చుకున్నారు.

ఆ పిల్లే తర్వాతి కాలంలో మనకు తెలిసిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. ఈ సంఘటనను ఎప్పుడూ సరదా కథగానే చెప్పుకుంటాం. చిన్నపిల్ల, పెద్ద నాయకుడు, టికెట్టు. నవ్వుకుని ఊరుకుంటాం. నాకు మాత్రం ఇందులో నా బోర్డూ, నా సుద్దముక్కా కనపడతాయి. అక్కడా నియమాన్ని ఒక పిల్ల చేతిలోనే పెట్టారు, ఇక్కడా అంతే. నేను ఆ నియమాన్ని వెనక బెంచీ వైపు గట్టిగా, ముందు బెంచీ వైపు మెత్తగా వాడాను. ఆమె తన ముందు నిలబడ్డ మనిషి ఎంత ఎత్తో కొలవలేదు. పద్నాలుగేళ్ల పిల్లకు అది ఎలా వచ్చింది? ఎవరో నీతి పాఠం చెబితే వచ్చేది కాదది. అప్పటికి రెండేళ్ల ముందే, అదే ఊళ్లో, ఆమె ఇంకో గేటు దగ్గర నిలబడి ఉంది. అప్పుడు నిలబడింది ఆపడానికి కాదు, తీయించడానికి.

ఐదు వేలు

1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసింది. దుర్గకు పన్నెండో ఏడు నడుస్తోంది. ఊళ్లో దేవదాసీలున్నారు. పరదా చాటున బతికే ముస్లిం స్త్రీలున్నారు. బహిరంగ సభకు వాళ్లెవరూ రాలేరు. వస్తే రానిచ్చేవారూ లేరు. గాంధీజీ వాళ్లతో మాట్లాడితే బాగుంటుందని ఆ పిల్లకు అనిపించింది. అనిపించి ఊరుకోలేదు. వాళ్ల దగ్గరికి వెళ్లింది. గౌరవంగల ఇళ్ల ఆడపిల్లలు ఆ వీధుల వైపు తల తిప్పి చూడని కాలమది.

తర్వాత సభ నిర్వాహకుల దగ్గరికి వెళ్లింది. గాంధీజీ కొద్ది నిమిషాలు ఇవ్వాలన్నా ఐదు వేల రూపాయల విరాళం సంచీ కావాలన్నారు వాళ్లు. వందేళ్ల కిందటి ఐదు వేలు. చిన్నపిల్ల, ఆ మాట వింటే వెనక్కి పోతుందిలే అనుకున్నారేమో. దుర్గ నేరుగా దేవదాసీల దగ్గరికి వచ్చి మొత్తం చెప్పింది. వాళ్లే ఆ డబ్బు పోగుచేశారు. ఒక బడి ఆవరణలో సభ ఏర్పాటైంది. కొద్ది నిమిషాలకని వచ్చిన గాంధీజీ అరగంట దాటినా మాట్లాడుతూనే ఉన్నారు. ఆ స్త్రీలు చేతుల గాజులు, మెడలోని గొలుసులు తీసి ఆయన ముందు పోశారు. దుర్గ తన బంగారు గాజులూ తీసిచ్చింది. ఆ రోజు ఆయన ప్రసంగాన్ని తెలుగు చేసే పని కూడా ఆమెకే దక్కింది. పెద్దవాళ్లు ఉండగా గాంధీజీ ఆ పిల్లనే మాట్లాడమన్నారు. ఆ తర్వాత ఆంధ్రలో ఆయన పర్యటనల్లో ఆమె అనువాదకురాలిగా నిలబడింది.

ఈ ఘట్టం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. నాయకత్వం గురించి పిల్లలకు మనం చెప్పేది ఒక్కటే. ముందుకు రా, స్టేజీ ఎక్కు, గట్టిగా మాట్లాడు, పదిమంది నీ వెనక రావాలి. దుర్గ మొదట వెళ్లింది స్టేజీ వైపు కాదు, సభకు రాలేనివాళ్ల ఇళ్లకు. వాళ్లను ఉద్ధరిస్తానని బయల్దేరలేదు. వాళ్లకూ ఆయన మాట వినాలని ఉంటుంది కదా అనుకుంది. డబ్బు వాళ్లదే, సభ వాళ్లదే. ఆమె చేసింది మధ్యలో ఉన్న తలుపు తట్టడం. ఆ తలుపు తట్టడానికి అధికారం ఎవరిచ్చారని ఆమె ఆలోచించినట్టు ఎక్కడా కనపడదు.

ఆమెకు అనువదించగల హిందీ ఎక్కడిదన్నది ఇంకో ముచ్చట. ఇంగ్లీషు చదువు వద్దని బడి మానేసిన పిల్ల ఆమె. హిందీ నేర్చుకుంది. నేర్చుకున్నది నేర్చుకున్నట్టే ఇతరులకు చెప్పడం మొదలుపెట్టింది. ఆడవాళ్ల కోసం హిందీ బాలికా పాఠశాల నడిపింది. టీచరమ్మకి పాఠం చెప్పించుకునేవాళ్లలో చాలామంది కన్నా తక్కువ వయసు. నాలుగు ముక్కలు వచ్చాయంటే మూడు ముక్కలు పక్కవాళ్లకు ఇచ్చెయ్యడం ఆమెకు జీవితాంతం పోని అలవాటు.

మానేసిన ఇంగ్లీషు

విలువలంటే మార్చుకోనివని మనకో అభిప్రాయం. టీనేజీ పిల్లలు దీన్ని మరీ గట్టిగా పట్టుకుంటారు. ఒకసారి అన్న మాట మీద నిలబడాలి, లేకపోతే ఓడిపోయినట్టు. దుర్గాబాయి కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు ఇక్కడే ఉంది.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొంది. 1933 దాకా పలుసార్లు జైలుకు వెళ్లింది. మదురై జైల్లో ఏకాంత నిర్బంధం కూడా అనుభవించింది. జైల్లో తన చుట్టూ ఉన్న ఆడ ఖైదీల కథలు విన్నది. చట్టం తెలియక, తమ తరఫున ఒక్క మాట చెప్పేవాళ్లు లేక మగ్గుతున్న మనుషులు. వీళ్లకు పనికి రావాలంటే తాను చదవాలి. న్యాయశాస్త్రం చదవాలంటే ఇంగ్లీషు రావాలి. పన్నెండేళ్లప్పుడు కాదన్న భాషను ఇరవైల్లో అ ఆల దగ్గర్నుంచి పట్టుకుంది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ రాసింది. తర్వాత బీఏ. 1942లో మద్రాసులో లా పూర్తిచేసింది.

ఆమె మాట తప్పిందా? నాకు అలా అనిపించదు. బడి మానేసినప్పుడు ఆమె పట్టుకున్నది తన మనుషుల మాట తన మనుషులకు అందాలన్న పట్టుదల. ఆ పట్టుదల కోసమే మళ్లీ ఇంగ్లీషు పుస్తకం తెరిచింది. పైన కనపడే నిర్ణయం మారింది, లోపలిది మారలేదు. ఎదగడమంటే ఏమిటని ఆ కాగితంలో రెండో ప్రశ్న ఉంది కదా, దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో బీఏకి చేరబోతే ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. అయితే ఇంకెక్కడైనా చేరతానని ఆమె అనలేదు. హాస్టలు లేక చదువు ఆగిపోయిన ఆడపిల్లలు ఉంటే తనకు రాయమని పత్రికల్లో ప్రకటన ఇచ్చింది. రాశారు. వాళ్లంతా కలిసి హాస్టలు పెట్టుకున్నారు. కాకినాడలో పన్నెండేళ్ల పిల్ల చేసిన పనికీ విశాఖలో పాతికేళ్లు దాటిన యువతి చేసిన పనికీ తేడా ఏముంది? మూసి ఉన్న తలుపు ముందు తనలాంటి వాళ్లు ఇంకెవరున్నారా అని వెతకడం. 1937లో మద్రాసులో మొదలైన ఆంధ్ర మహిళా సభ కూడా ఆ వెతుకులాట లోంచే పుట్టింది.

ఒక సంగతి చెప్పకుండా ఈ కథ పూర్తి కాదు. ఎనిమిదేళ్లకే ఆమెకు పెళ్లి చేశారు. పదిహేనేళ్లప్పుడు, కాపురానికి వెళ్లాల్సిన వేళ, తన దారి వేరని భర్తకు తనే చెప్పింది. ఆయన్ని మరో పెళ్లి చేసుకోమంది. పుట్టింటివాళ్లు ఆమె పక్షాన నిలబడ్డారు. చాలా ఏళ్లకు ఆయన పోయాక, దిక్కు లేకుండా మిగిలిన ఆయన రెండో భార్యను చేరదీసి, పని నేర్పించి, సొంత కాళ్ల మీద నిలబెట్టింది దుర్గాబాయే. పదిహేనేళ్ల పిల్ల తన కోసం తీసుకున్న స్వేచ్ఛకు ఇంకో స్త్రీ ఎక్కడో ఖర్చు కట్టి ఉండొచ్చన్న ఎరుక అది. ఆ ఎరుక రావడానికి ఏళ్లు పడుతుంది. ‘నాకు నచ్చినట్టు బతుకుతాను’ అనే పిల్లలు నాకు ఇష్టం. వాళ్లకు ఈ రెండో సగం కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

ముప్ఫై ఐదా, ముప్ఫైయా

తర్వాత ఆమె రాజ్యాంగ సభ సభ్యురాలు. అక్కడ ఆమె పేరు జి. దుర్గాబాయి. 1949లో రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు ఎంతుండాలన్న చర్చ వచ్చింది. సభ ముందుకొచ్చిన ప్రతిపాదనలో 35 ఉంది. దాన్ని 30 చెయ్యాలని సవరణ ప్రతిపాదించింది ఆమే. వివేకానికీ వయసుకూ ముడి లేదన్నది ఆమె వాదన. నేటికీ రాజ్యసభకు కనీస వయసు 30.

ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు నలభై నిండబోతున్నాయి. తన పన్నెండేళ్లనాటి సభ, పద్నాలుగేళ్లనాటి గేటు గుర్తుకొచ్చి ఉంటాయా అని నాకు ఆరాటం. పెద్దవాళ్లమయ్యాక మనం చేసే మొదటి పని మన కౌమారాన్ని మర్చిపోవడం. ‘ఆ వయసులో ఏం తెలుస్తుంది’ అని తేలిగ్గా అనేస్తాం. ఆమె మర్చిపోలేదు. తాను లోపలికి చేరాక తన వెనక వచ్చే చిన్నవాళ్ల కోసం గడప ఎత్తు తగ్గించింది. ఓటు వయసు 21 నుంచి 18కి దిగడానికి మాత్రం ఇంకో నలభై ఏళ్లు పట్టింది. 61వ రాజ్యాంగ సవరణ 1989 మార్చిలో అమల్లోకి వచ్చింది. మా అక్క కూతురు ఇంకో మూడేళ్లలో ఓటేస్తుంది.

తాడు

ఇప్పుడు ఒక కొండ దగ్గరికి, మన కాలపు ఇంకో పిల్ల దగ్గరికి.

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో వ్యవసాయ కూలీల ఇంట్లో పుట్టిన మాలావత్ పూర్ణ తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకుంది. గురుకులాల సంస్థకు అప్పట్లో ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ కార్యదర్శి. పర్వతారోహకుడు శేఖర్ బాబు బాచినేపల్లి శిక్షకుడు. వంద మందికి పైగా పిల్లలను భువనగిరి గుట్ట ఎక్కించారు. వడపోసి కొందరిని డార్జిలింగ్ పంపారు. మళ్లీ వడపోసి లద్దాఖ్ చలిలో నడిపించారు. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు పూర్ణ. ఇంకొకరు ఖమ్మం జిల్లా పిల్లాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ల పదకొండు నెలలు. ఎవరెస్టు ఎక్కిన అమ్మాయిల్లో ఆమే అందరికన్నా చిన్నది.

ఆ ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు దగ్గర మంచు విరిగిపడి పదహారు మంది స్థానిక గైడ్లు చనిపోయారు. ఆ వార్త తర్వాత కూడా టిబెట్ వైపు నుంచి ఈ ఇద్దరి ప్రయాణం సాగింది. నేపాల్ పదహారేళ్లలోపు వాళ్లకు అనుమతి ఇవ్వదు కాబట్టే టిబెట్ వైపు నుంచి వెళ్లారు. దారిలో, గతంలో ఎక్కబోయి ప్రాణాలొదిలినవాళ్ల దేహాలు మంచులో అలాగే ఉంటాయి. పదమూడేళ్ల పిల్ల వాటిని దాటి నడిచింది.

నా మనసులో మాట చెబుతాను. మా అక్క కూతుర్ని నేను పంపను. ఆ ఎత్తుకు ఆ వయసు పిల్లల్ని తీసుకెళ్లడం సరైనదేనా అన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది, ఇప్పుడూ నాలో ఉంది. ఆ ప్రశ్న వేసేవాళ్లను తప్పుపట్టలేను. కానీ ఇంకో సంగతీ నిజం. వద్దనగలిగే స్థితిలో నేనున్నాను. మా పిల్ల ముందు ఇంకా చాలా దారులున్నాయి. తండాల పిల్లలకు ‘ఇది మీవల్ల కాదు’ అన్న మాట తరతరాలుగా ఎన్నిసార్లు వినపడిందో లెక్కలేదు. ఆ మాట వినీ వినీ పెరిగిన పిల్ల ఎవరెస్టు మీద నిలబడితే, కింద గురుకులాల డార్మిటరీల్లో మిగతా పిల్లలకు ఆ రాత్రి ఎలా నిద్రపట్టి ఉంటుందో ఊహించుకుంటాను.

గురుకులాల్లో పిల్లలు పొద్దున్నే పది ప్రతిజ్ఞలు చెప్పుకునేవారు. నేను ఎవరికన్నా తక్కువ కానని, ఎక్కడున్నా నాయకత్వం వహిస్తానని, తెలియనిదాన్ని చూసి భయపడనని, మధ్యలో వదిలెయ్యనని, ఆ వరసలో. మొదట విన్నప్పుడు నాకు పెద్దగా పట్టలేదు. మా బళ్లోనూ గోడ మీద సూక్తులుండేవి, వాటి మీద సున్నం రాలుతూ ఉండేది. తర్వాత ఆలోచిస్తే తెలిసింది. నేను ఎవరికన్నా తక్కువ కాను అని నేను అంటే గాల్లో కలిసిపోతుంది. నాకెవరూ తక్కువని చెప్పలేదు కాబట్టి. అదే మాట ఆ పిల్లలు అంటే ఎదుటివాడి మాటకు జవాబు. మాటలు అవే, బరువు వేరు. మా అక్క కూతురు కొట్టేసిన మూడు మాటల్లో లేనిది ఆ బరువే.

శిఖరం మీద పూర్ణ జాతీయ జెండాతో పాటు అంబేడ్కర్ బొమ్మను, ఎస్.ఆర్. శంకరన్ బొమ్మను పట్టుకుంది. శంకరన్ అన్న పేరు ఇవాళ్టి పట్నం పిల్లలకు తెలియకపోవచ్చు. పేదల పక్షాన నిలబడ్డ ఐఏఎస్ అధికారి. దళిత, గిరిజన పిల్లల చదువు కోసం, గురుకులాల కోసం పాటుపడ్డ మనిషి. 2010లో కన్నుమూశారు. పూర్ణ ఎక్కేనాటికి ఆయన లేరు. తన బడి తలుపు తీసినవాళ్లలో ఒకరి బొమ్మను ఆ పిల్ల ప్రపంచంలోకెల్లా ఎత్తైన చోటుకు మోసుకెళ్లింది.

కొండెక్కేవాళ్లకు తాడే ప్రాణం. ఎవరో ముందు వెళ్లి, మంచులో మేకులు దిగ్గొట్టి, తాడు కట్టి ఉంచుతారు. ఎవరెస్టు మీద ఆ పని ఎక్కువగా స్థానిక గైడ్లది. వాళ్ల పేర్లు వార్తల్లో రావు. తాడు కట్టినవాడు, కింద తాడు పట్టుకున్నవాడు, ఆ తాడు మీద భారం వేసి అడుగేసే పిల్ల. ఈ ముగ్గురిలో నాయకులెవరని అడిగితే నేను చెప్పలేను. పూర్ణ అక్కడితో ఆగలేదు. ఆఫ్రికాలో కిలిమంజారో, యూరప్‌లో ఎల్బ్రస్, దక్షిణ అమెరికాలో అకొంకాగ్వా, అంటార్కిటికాలో విన్సన్, ఇలా ఒక్కొక్కటీ ఎక్కుతూ 2022 జూన్‌లో అలాస్కాలోని దెనాలితో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు పూర్తిచేసింది.

మనం ఏం పట్టుకుంటున్నాం

దుర్గకు ఇల్లు అడ్డు పడలేదు. పూర్ణకు తాడు పట్టేవాళ్లు దొరికారు. ఇవాళ మన ఇళ్లలో పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలకు మనం ఏం పట్టుకుని నిలబడ్డాం? చాలామందిమి రిపోర్టు కార్డు పట్టుకున్నాం. పదో తరగతి అయ్యీ అవ్వకముందే హాస్టలు వెతుకుతాం. తెల్లారకముందు లేచి రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్స్. వారం వారం పరీక్ష, ర్యాంకు, సెక్షను మార్పు. ఆ రెండేళ్లలో ఒక పిల్ల తనంత తానుగా తీసుకోదగ్గ నిర్ణయం ఒక్కటైనా ఉంటుందా? ఏ కూర తినాలో కూడా ఆమె చేతిలో లేదు. అలా పెంచి, ఇరవై రెండేళ్లకు ఇంటర్వ్యూలో ‘నీ నాయకత్వ లక్షణాలు చెప్పు’ అంటే ఆ పిల్ల ఏం చెబుతుంది? మనం పెంచినట్టే, ఎవరో రాసిచ్చింది బట్టీపట్టి చెబుతుంది.

బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించింది. మన దేశం 1992లో అందులో చేరింది. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలని, వయసుకు, పరిణతికి తగ్గట్టు ఆ మాటకు విలువ ఇవ్వాలని అందులో పన్నెండో అధికరణం చెబుతుంది. ముప్ఫై ఏళ్లు దాటింది. ఎంతమంది ఇళ్లలో భోజనాల దగ్గర ఈ అధికరణం అమలవుతోంది? మా ఇంట్లోనూ అంతంతమాత్రమే, అది ఒప్పుకోవాలి.

క్లాసు లీడర్ని ఎంచే పద్ధతి చూసినా దిగులేస్తుంది. చాలాచోట్ల మొదటి ర్యాంకు వచ్చినవాళ్లే లీడరు. ఆ పిల్ల అప్పటికే అందరికన్నా ముందుంది, చేతికి సుద్దముక్క కూడా ఇచ్చేస్తాం. వెనక బెంచీలో కూర్చునే పిల్లకు ఒక వారం ఆ పని అప్పజెప్పి చూసిన టీచర్లను నేను చూశాను. బోర్డు మీద పేర్లు రాయడం మానేసి, గోలచేసేవాళ్ల పక్కకు వెళ్లి కూర్చునే లీడర్లు అలాంటి చోట తయారవుతారు.

ఇదంతా మా అక్క కూతురికి చెప్పాననుకునేరు. దుర్గ కథ వరకే చెప్పాను. గేటు దగ్గర ఘట్టం వచ్చేసరికి కళ్లు పెద్దవి చేసుకుని, “నిజంగా ఆపేసిందా?” అంది. నా బోర్డు సంగతీ చెప్పాను. అది చెప్పడం తేలిక కాలేదు. విని కాసేపు మాట్లాడలేదు. “ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుంది పిన్నీ?” అని అడిగింది. తెలియదన్నాను. “వెతుకు” అంది.

లోపల్నుంచి మా అక్క వచ్చి కాఫీ గ్లాసు చేతికిస్తూ, “దీన్ని బస్సు సంగతి అడుగు, నాలుగు రోజులు ఏడ్చింది” అంది. కాకినాడ బడికి వెళ్లే బస్సు సామర్లకోటలోనే నిండిపోతుందట. ఆరు, ఏడు తరగతుల పిల్లలు తమంత బరువున్న బ్యాగులతో నిలబడి, బ్రేకు పడినప్పుడల్లా ఒకరి మీద ఒకరు పడతారట. పెద్ద క్లాసులవాళ్లు ముందెక్కి సీట్లు ఆపుకుంటారు. ఇది ఒకరోజు లేచి ఇద్దరు చిన్నపిల్లల్ని కూర్చోబెట్టింది. మర్నాడు తన క్లాసు అమ్మాయిల్నీ లేవమంది. మాటామాటా పెరిగింది. వాళ్లు దీనితో మాట్లాడటం మానేశారు. నాలుగు రోజులు బస్సులోనూ, బళ్లోనూ ఒంటరిగా తిరిగింది. ఐదో రోజు వాళ్లలో ఒకమ్మాయి లేచి సీటిచ్చిందట.

“ఇది రాయొచ్చుగా ఆ కాగితంలో” అన్నాను.

“ఇందులో నాయకత్వమేముంది పిన్నీ? చిన్నపిల్లలు, పడిపోతారు కదా” అంది, నేనేదో వింతగా మాట్లాడుతున్నట్టు.

“మరి నువ్వు ఏ విషయంలో ఎదగాలనుకుంటున్నావు?”

దానికి మాత్రం ఆలోచించనక్కర్లేకపోయింది. “ఆ రోజు బస్సులో అరిచేశాను. వాళ్ల అమ్మానాన్నల్ని కూడా అన్నాను. అరవకుండా చెప్పడం రావాలి” అంది. అని, తలొంచుకుని రెండో ప్రశ్న కింద అదే రాసుకుంది. మొదటి ప్రశ్న కింద కొట్టేసిన మూడు మాటలు అలాగే ఉన్నాయి. వాటి కింద మిగిలిన గీతల్లో బస్సు అని రాసి, ఆగి, ఇంకేదో రాసి, నేను చదవకుండా చేత్తో మూసేసింది.

సోమవారం పొద్దున్న నేను కాకినాడలో రైలెక్కాలి. అదే బస్సులో వెళ్లాను. కిక్కిరిసి ఉంది. మా పిల్ల రాడ్డు పట్టుకుని నిలబడి ఉంది, ఒక భుజాన తన బ్యాగు, ఇంకో భుజాన ఎవరిదో చిన్న బ్యాగు. నాకు సీటు దొరకలేదు. ముందు సీట్లో ఆరో తరగతి పిల్ల ఒకతి నన్ను చూసి లేవబోయింది. మా అక్క కూతురు దాని భుజం మీద చెయ్యి వేసి మళ్లీ కూర్చోబెట్టి, నా వైపు తిరిగి, “నువ్వు నిలబడగలవుగా పిన్నీ” అంది. అరవకుండానే అంది.

నిలబడ్డాను.